సోడా పేరు ఒకటే, సరుకులు మూడు: దేహం ఖాతాలో బాకీ పెంచేది తీపి రకమే

లాల్‌దర్వాజా, హైదరాబాదు: ఎండ ముదిరింది మొదలు ఆషాఢమాసంలో సింహవాహిని మహంకాళి అమ్మవారి బోనాలు ముగిసేవరకు ఈ ప్రాంతంలో సోడా, కూల్‌డ్రింకుల గిరాకీ గట్టిగానే వుంటుంది. గోల్కొండలో మొదలై, సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి మీదుగా లాల్‌దర్వాజా చేరే బోనాల వరుసలో ఇక్కడి జాతర చివరిది. ఆ ఆదివారం, మర్నాడు ఘటాల ఊరేగింపు జరిగే సోమవారం వచ్చే జనం దాహానికి మంచుగడ్డల మీద పేర్చిన సీసాలే దిక్కు. జాతర వెళ్లిన తర్వాత కూడా అమ్మకాలు పూర్తిగా మందగించవు. పెళ్లిళ్లు, బిర్యానీ భోజనాలు, దుకాణానికి వచ్చిన బేరగాడికి చేసే మర్యాద, ఇవన్నీ కలిసి ఏడాది పొడవునా సరుకును కదిలిస్తూనే వుంటాయి.

సరుకు కదలడం వర్తకానికి మంచిదే. అయితే అమ్మినవాడు, కొన్నవాడు, మర్యాదకోసం తెప్పించినవాడు కూడా తాగేవారే కాబట్టి, ఈ వ్యాపారంలో రెండో ఖాతా ఒకటి వున్నది. అది దేహం ఖాతా. అందులో జమ తక్కువ, ఖర్చు ఎక్కువ. రోజంతా గద్దీమీద కూర్చునే వర్తకుడు, పది దుకాణాలు తిరిగి పదిచోట్లా మర్యాద పుచ్చుకునే దళారీ ఈ ఖాతాను ఒకసారి తిరగవేసి చూసుకోవడం అవసరం.

పేరు ఒకటే, రకాలు మూడు

బియ్యమైనా, మిర్చి అయినా రకం చూడకుండా ధర కట్టే వర్తకుడు లేడు. సోడా విషయంలో మాత్రం అన్నింటినీ ఒకే గాటన కట్టడం అలవాటయింది. "సోడా మంచిది కాదు" అనేవారూ, "సోడా తాగితే అరుగుతుంది" అనేవారూ ఏ సోడా సంగతి మాట్లాడుతున్నారో చెప్పరు.

మొదటి రకం సాదా సోడా. మంచినీటిలో కార్బన్ డయాక్సైడ్ వాయువును ఒత్తిడితో ఎక్కించినది. ఇందులో చక్కెర లేదు. రెండవ రకం తీపి సోడా. కోలా, నిమ్మ, నారింజ రుచుల కూల్‌డ్రింకులు, రంగు సోడాలు దీనిలోకి వస్తాయి. మూడవది ఉప్పు రకం. నిమ్మరసంలో ఉప్పు వేసి కొట్టే సోడా, పొట్ట ఉబ్బరానికి నీళ్లలో కలిపి తాగే తినే సోడా, పొంగే పొట్లాల పొడులు ఈ తరగతివి.

మొదటి రకం వల్ల వచ్చే చిక్కు స్వల్పం. వాయువు వల్ల త్రేన్పులు వస్తాయి, పొట్ట బిగుస్తుంది, గుండెమంట వున్నవారికి పులితేన్పులు ఎక్కువ కావచ్చు. ఎముకలు గుల్లబారతాయనే భయం సాదా సోడాకు వర్తించదు. అసలు బాకీ రెండవ రకం దగ్గర మొదలవుతుంది. మూడవ రకం రక్తపోటు వున్నవారికి మాత్రం జాగ్రత్తగా చూసుకోవలసినది.

గోలీ సీసా నుంచి ప్లాస్టిక్ సీసా వరకు

నీటిలో వాయువు ఎక్కించే పద్ధతిని ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ 1767లో కనిపెట్టాడు. లీడ్స్ నగరంలో సారాయి బట్టీ పక్కన నివసించిన ఆయన, పులిసే తొట్ల మీద పేరుకొనే వాయువును నీటిలోకి దించి చూశాడు. 1783లో జెనీవాలో జేకబ్ ష్వెప్ దానిని వ్యాపారంగా మార్చాడు. అప్పట్లో సోడాను జబ్బు మనుషులకు మందునీరుగా అమ్మేవారు. "అరుగుదలకు సోడా" అనే నమ్మకం వేళ్లు అక్కడివే. 1870లలో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషువాడు సీసా మెడలో గాజు గోలీ పెట్టి, లోపలి వాయువు ఒత్తిడితోనే మూత బిగిసేలా చేశాడు. అదే మన గోలీ సోడా. నింపేందుకు పెద్ద యంత్రం అక్కరలేదు కాబట్టి, ఊరూరా చిన్న పెట్టుబడిదార్లకు అది జీవనాధారమైంది. గోదావరి ప్రాంతంలోని రామచంద్రపురం నుంచి వచ్చిన ఆర్టోస్ వంటి తెలుగు సరుకు కూడా సోడా వ్యాపారం నుంచి ఎదిగినదే.

1977లో విదేశీ మారక నియంత్రణ చట్టం షరతులకు ఒప్పుకోక కోకా కోలా దేశం విడిచిపోయింది. ఆ ఖాళీలో పార్లే వారి థమ్సప్ నిలదొక్కుకున్నది. ప్రభుత్వ రంగంలోని మోడరన్ బేకరీస్ 'డబుల్ సెవెన్' పేరుతో కోలా దింపినా అది మార్కెట్టులో నిలవలేదు. 1990లో పెప్సీ ప్రవేశించగా, 1993లో కోకా కోలా తిరిగి వచ్చి పార్లే సరుకులను కొనివేసింది. 2022లో కాంపా పేరును రిలయన్స్ కొని, 2023లో 200 మి.లీ. సీసాను రూ. 10కి దించడంతో చిల్లర మార్కెట్టులో కొత్త పోటీ మొదలైంది.

ఈ చరిత్రలో వర్తకులు గమనించవలసిన సంగతి ఒకటున్నది. గోలీ సోడా కాలంలో గిరాకీలో సాదా, నిమ్మ సోడాల వాటా పెద్దది. సీసా సరుకు వచ్చిన తర్వాత మొగ్గు తీపి రకానికి మళ్లింది. దాహం పాతదే. దానితోపాటు లోపలికి వెళ్లే చక్కెర కొత్తది.

చక్కెర లెక్క

మామూలు కోలా సీసాలో 100 మి.లీ.కి సుమారు 10 నుంచి 11 గ్రాముల చక్కెర వుంటుంది. ఈ అంకె సీసా వెనుక చిన్న అక్షరాలలో అచ్చువేసే వుంటుంది. 200 మి.లీ. సీసాలో సుమారు 21 గ్రాములు, 300 మి.లీ. సీసాలో సుమారు 32 గ్రాములు. చెంచా 4 గ్రాముల లెక్కన రెండవది 8 చెంచాలు. ఒక గ్లాసు నీటిలో ఎనిమిది చెంచాల చక్కెర కలిపి ఇస్తే ఎవరూ తాగలేరు. చల్లదనం, పులుపు, వాయువు కలిసి నాలుకకు ఆ తీపి తెలియకుండా చేస్తాయి.

టోకు లెక్కలో చూస్తే, 200 మి.లీ. సీసాలు 24 వున్న ఒక పెట్టెలో సుమారు అర కిలో చక్కెర వున్నట్లు. రోజుకు 300 మి.లీ. సీసా ఒకటి చొప్పున తాగే మనిషి ఏడాదికి దాదాపు 11.6 కిలోల చక్కెరను సోడా రూపంలోనే లోపలికి పంపుతాడు. నాలుగేళ్ల నాలుగు నెలలు తిరిగేసరికి 50 కిలోల బస్తా ఒకటి పూర్తవుతుంది. ఇంటికి తెచ్చే చక్కెర, చాయ్‌లో, మిఠాయిలో పడే చక్కెర దీనికి అదనం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం, మనిషి తీసుకునే మొత్తం శక్తిలో విడిగా కలిపిన చక్కెర వాటా 10 శాతం దాటరాదు. 5 శాతం లోపు వుంటే ఇంకా మేలు. రోజుకు 2,000 కేలరీల భోజనం చేసేవారికి ఇది వరుసగా 50 గ్రాములు, 25 గ్రాములు అవుతుంది. అంటే 300 మి.లీ. సీసా ఒక్కటే రెండవ హద్దును దాటించివేస్తుంది.

గద్దీమీద మర్యాద

పాతబస్తీలో కాపురముండి బేగంబజారు, ఉస్మాన్‌గంజ్, మలక్‌పేట గంజ్‌లలో వ్యాపారం చేసేవారు ఎందరో వున్నారు. ఈ బజార్లన్నిటా ఒకటే పద్ధతి. బేరానికి వచ్చినవారికి ముందు మర్యాద, తర్వాతే ధర మాట. చలికాలం చాయ్, ఎండాకాలం కూల్‌డ్రింకు. వద్దంటే దుకాణదారు నొచ్చుకుంటాడు. బేరం కుదిరితే ఇంకొకటి.

దళారీ రోజుకు మూడుచోట్ల 200 మి.లీ. చొప్పున పుచ్చుకున్నాడనుకుంటే చక్కెర సుమారు 64 గ్రాములు. పెద్ద హద్దు కూడా దాటిపోయింది. ఏడాదికి 300 పనిదినాల లెక్కన ఇది 19 కిలోల పైమాట. దీనికి తోడు రోజుకు నాలుగు చాయ్‌లు, ఒక్కొక్కదానిలో రెండేసి చెంచాల చక్కెర అనుకుంటే మరో 32 గ్రాములు. సొంత డబ్బు పైసా ఖర్చు కాలేదు కాబట్టి ఈ పద్దు ఏ చిట్టాలోనూ ఎక్కదు. ఇంట్లో తీపి ముట్టనని చెప్పే మనిషికి చక్కెర జబ్బు వచ్చినప్పుడు ఇంటివారు ఆశ్చర్యపోవడం ఇందువల్లనే.

ఇచ్చే వర్తకుడి పరిస్థితి కూడా ఇంతే. వచ్చినవారికి ఇప్పించి తాను ఊరికే కూర్చోవడం మర్యాద కాదు కనుక కంపెనీ ఇవ్వవలసి వస్తుంది. దళారీ నాలుగు వీధులు నడుస్తాడు. వర్తకుడికి ఆ నడక కూడా లేదు.

లోపల జరిగే లావాదేవీ

చక్కెరను దేహం రెండు భాగాలుగా విడగొడుతుంది. సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. గ్లూకోజును కండరాలు మొదలు మెదడు వరకు అన్ని అవయవాలూ వాడుకుంటాయి. ఫ్రక్టోజు మాత్రం చాలావరకు కాలేయానికే చేరుతుంది. కొద్దికొద్దిగా వస్తే కాలేయం సర్దుకుంటుంది. సీసాడు ఒక్కసారిగా వచ్చిపడితే, వాడకానికి మించిన సరుకును కొవ్వుగా మార్చి నిల్వ చేస్తుంది. గోదాము నిండిన కొద్దీ కాలేయానికి కొవ్వు పట్టడం, రక్తంలో ట్రైగ్లిసరైడ్లు పెరగడం, ఇన్సులిన్ మాట దేహం వినకపోవడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. సారాయి ముట్టనివారికి కూడా కాలేయ కొవ్వు జబ్బు రావడానికి ఉన్న కారణాలలో ఇది ఒకటి.

తిండి రూపంలో వచ్చే కేలరీలకు, తాగే రూపంలో వచ్చేవాటికి మరొక తేడా వున్నది. రెండు రొట్టెలు తింటే ఆకలి తగ్గుతుంది. అంతే శక్తి సోడా ద్వారా వచ్చినా ఆకలి తగ్గదు. కాబట్టి మధ్యాహ్నం భోజనం ఎప్పటిలాగే సాగుతుంది. సోడా అదనపు పద్దుగా మిగులుతుంది.

2010లో 'డయాబెటిస్ కేర్' పత్రికలో అచ్చయిన ఒక సమీక్ష, మూడు లక్షల పైచిలుకు మందిపై జరిగిన పరిశీలనలను కలిపి చూసింది. రోజుకు ఒకటి రెండు తీపి పానీయాలు తాగేవారికి, నెలకు ఒకటికూడా తాగనివారి కన్న టైప్-2 మధుమేహం వచ్చే అవకాశం 26 శాతం ఎక్కువని తేలింది. 2025 జనవరిలో 'నేచర్ మెడిసిన్' ప్రకటించిన అంచనా ప్రకారం, 2020 ఒక్క సంవత్సరంలో ప్రపంచం మొత్తంమీద సుమారు 22 లక్షల కొత్త మధుమేహ కేసులకు తీపి పానీయాలు కారణం.

మన దేశం సంగతి మరింత గడ్డుగా వున్నది. భారత వైద్య పరిశోధన మండలి జరిపించిన 'ఇండియాబ్' సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. పెద్దవారిలో మధుమేహం 11.4 శాతం. దేశం మొత్తంమీద 10.1 కోట్ల మంది రోగులు, మరో 13.6 కోట్ల మంది జబ్బు అంచున వున్నవారు. మన జాతివారికి కొవ్వు పొట్టచుట్టూ చేరే లక్షణం ఎక్కువ కావడంతో, చూపుకు లావు లేనివారికి కూడా ఈ జబ్బు వస్తున్నది. మగవారికి నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే హెచ్చరికగా భావించాలని వైద్యులు చెబుతారు.

పళ్లు, కీళ్లు, ఎముకలు

సోడా బాకీ వసూలు చేసే మరో మూడు చోట్లు వున్నాయి. కోలా పులుపు చాలా గాఢమైనది. దాని పి.హెచ్. సుమారు 2.5. పంటి పైపూత 5.5 కంటే తక్కువలో కరగడం మొదలెడుతుంది. ఒక్క గుక్కలో ముగిస్తే నోటిలోని లాలాజలం త్వరగా సర్దుకుంటుంది. బేరం సాగుతున్నంతసేపు, అరగంటో గంటో, కొద్దికొద్దిగా చప్పరిస్తే ఆ గంటసేపూ పళ్లు పులుపులో నానుతున్నట్లే. తాగిన వెంటనే పళ్లు తోమడం కూడా మంచిది కాదు. మెత్తబడిన పూత బ్రష్షుకు అరుగుతుంది. ముందు మామూలు నీటితో పుక్కిలించి, అరగంట ఆగాలి.

కీళ్ల సంగతి వస్తే, ఫ్రక్టోజు కాలేయంలో విరిగేటప్పుడు యూరిక్ యాసిడ్ పెరుగుతుంది. అది కీళ్లలో చేరితే బొటనవేలు వాచి, రాత్రి నిద్ర పట్టనివ్వని గౌట్ వస్తుంది. అమెరికాలో 46 వేలకు పైగా మగవారిని 12 ఏళ్లపాటు గమనించిన పరిశీలన 2008లో 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో వచ్చింది. రోజుకు రెండు లేక అంతకు మించి తీపి సోడాలు తాగేవారికి, నెలకు ఒకటికూడా తాగనివారికంటే గౌట్ ముప్పు 85 శాతం ఎక్కువగా కనిపించింది.

ఎముకల విషయంలో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పరిశీలన 2006లో ఒక తేడాను పట్టి ఇచ్చింది. రోజూ కోలా తాగే స్త్రీలలో తుంటి ఎముక సాంద్రత తక్కువగా వున్నది. కోలా కాని ఇతర సోడాలు తాగేవారిలో ఆ లోటు కనిపించలేదు. కాబట్టి వాయువును అనుమానించనక్కరలేదు. కోలాలోని ఫాస్ఫారిక్ యాసిడ్, కెఫీన్, అన్నింటికీ మించి పాలూ మజ్జిగా తాగవలసినచోట కోలా వచ్చి కూర్చోవడం కారణాలు కావచ్చునని భావిస్తున్నారు.

రోజుకు రెండు లీటర్లు, అంతకు మించి కోలా తాగేవారిలో రక్తంలోని పొటాషియం పడిపోయి కండరాలు నీరసించడం, కాళ్లు చచ్చుబడడం వరకు పోయిన కేసులను 2009లో వైద్య పత్రికలు వివరించాయి. ఇటువంటివి అరుదు. అయితే చిన్న సీసా మాని రెండు లీటర్ల పెద్ద సీసాను దుకాణం ఫ్రిజ్‌లో పెట్టుకునే అలవాటు ప్రబలుతున్నందున దీనిని మరవకూడదు.

ఉప్పు రకం, తినే సోడా

తీపి మానినవారు ఉప్పు సోడాకు దిగుతారు. చక్కెర జబ్బు వున్నవారికి ఇది మేలే అయినా, రక్తపోటు వున్నవారికి కాదు. ఒక గ్లాసులో అర చెంచా ఉప్పు పడితే రెండున్నర గ్రాముల పైమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పిన హద్దు 5 గ్రాములు. పచ్చడి, పప్పు, కూర లెక్కకు రాకముందే సగం అయిపోయింది.

బరువైన భోజనం తర్వాత తినే సోడాను నీటిలో కలుపుకొని తాగడం చాలామందికి అలవాటు. ఒక చెంచా తినే సోడాలో సుమారు 1,260 మి.గ్రా. సోడియం వుంటుంది. రోజు మొత్తానికి అనుమతించిన 2,000 మి.గ్రా.లో ఇది సగం కన్న ఎక్కువ. అప్పుడప్పుడు వాడితే ప్రమాదం లేదు. రోజూ అవసరమవుతున్నదంటే దానిని వైద్యుడికి చూపించాలి. గుండెనొప్పిని గ్యాస్ నొప్పిగా పొరబడి, సోడా తాగి పడుకోవడం వల్ల విలువైన సమయం పోతుంది. చెమటలు పట్టి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినప్పుడు ఆలస్యం చేయక ఆసుపత్రికి చేరడం తప్పనిసరి.

కిరాణా వర్తకులు మరొక జాగ్రత్త కూడా పాటించాలి. తినే సోడా, బట్టల సోడా, కాస్టిక్ సోడా చూపుకు తెల్లగా ఒకటే. విడి అమ్మకంలో డబ్బాలకు చీటీలు లేకపోతే జరిగే పొరపాటు ప్రాణాంతకం కాగలదు.

ఎండదెబ్బకు ఏది సరుకు

వడ తగిలినవారికి, విరేచనాలు అవుతున్న పిల్లలకు కూల్‌డ్రింకు పట్టించడం చాలాచోట్ల కనిపిస్తుంది. ఇది సరికాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన ఓ.ఆర్.ఎస్. ద్రావణంలో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు మాత్రమే. దానితోపాటు ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, సోడియం సిట్రేట్ 2.9 గ్రాములు వుంటాయి. కూల్‌డ్రింకులో లీటరుకు చక్కెర 100 గ్రాములకు పైనే, లవణాలు నామమాత్రం. అంత తీపి పేగులోకి వెళితే లోపలి నీటిని అదే బయటికి లాగి విరేచనాలను పెంచుతుంది.

ఈ విషయమై హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ఓ.ఆర్.ఎస్. అనే మాటను పేరులో తగిలించుకుని తీపి పానీయాలు మందుల దుకాణాలలో అమ్ముడుపోతున్నాయనేది ఆమె ఫిర్యాదు. చివరకు 2025 అక్టోబరు 14న ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశమిస్తూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపడని ఏ పానీయం పేరులోనూ ఆ మాట వాడరాదని నిర్దేశించింది. 2022లో ఇచ్చిన వెసులుబాట్లు రద్దయ్యాయి. ఇటువంటి సరుకును నిల్వచేసే మందుల వర్తకులు, కిరాణా వర్తకులు చీటీ చదివి సరుకు తీసుకోవలసిన అవసరం దీనితో మరింత పెరిగింది.

నీరు, మంచు శుభ్రత కూడా ఈ పద్దులోకే వస్తుంది. 2005లో హైదరాబాదులో తాగునీరు కలుషితమై హెపటైటిస్-ఇ కామెర్లు ప్రబలాయి. సోడాలో వాయువు ఉన్నంత మాత్రాన చెడ్డ నీరు మంచి నీరు కాదు. సీసాలోని సరుకు బాగున్నా, గ్లాసులో వేసే మంచు ఏ నీటితో చేసినదో చూసుకోవాలి.

జీరో సరుకు, కెఫీన్ సరుకు

చక్కెర లేని 'జీరో' రకాలకు గిరాకీ పెరుగుతున్నది. మధుమేహం వున్నవారు తీపి సోడాకు బదులు ఇది తాగితే రక్తంలో చక్కెర వెంటనే పెరగదనేది నిజమే. కాగా, బరువు తగ్గడానికి ఈ కృత్రిమ తీపిపై ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో సలహా ఇచ్చింది. అదే ఏడాది జూలైలో అస్పర్టేమ్‌ను కాన్సర్ పరిశోధన సంస్థ "కారకం కావచ్చు" అనే తరగతిలో చేర్చినప్పుడు బజారులో కలవరం రేగింది. అదే రోజు నిపుణుల సంఘం, కిలో దేహ బరువుకు రోజుకు 40 మి.గ్రా. అనే పాత హద్దును మార్చనవసరం లేదని ప్రకటించింది. 70 కిలోల మనిషి ఆ హద్దు దాటాలంటే రోజుకు 9 నుంచి 14 డబ్బాలు తాగాలి. పులుపు మాత్రం జీరో రకంలోనూ వున్నది కాబట్టి పళ్లకు రక్షణ లేదు.

ఎనర్జీ డ్రింకులలో లీటరుకు 145 నుంచి 300 మి.గ్రా. కెఫీన్ వుండవచ్చునని నిబంధన. పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు తాగరాదనీ, రోజుకు 500 మి.లీ. మించరాదనీ సీసా మీదనే అచ్చువేయాలి. బడి పిల్లలకు వీటిని అమ్మే దుకాణదారు ఆ అక్షరాలను ఒకసారి చదవడం మంచిది.

పన్నులో తేడా, ఆరోగ్యంలో తేడా

2017 జూలై నుంచి తీపి సోడాపై 28 శాతం జి.ఎస్.టి., 12 శాతం సెస్, మొత్తం 40 శాతం భారం వుండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్ పోయి ఒకే 40 శాతం రేటు వచ్చింది. చక్కెర, రుచి కలపని సాదా సోడాపై మాత్రం 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. రెండు సరుకులూ ఒకటి కాదని పన్ను పట్టికే ఒప్పుకున్నట్లయింది.

అయినప్పటికీ పన్ను రేటును ఆరోగ్యానికి కొలబద్దగా తీసుకోరాదు. వాయువు లేని పండ్లరసపు పానీయాలపై రేటు 12 నుంచి 5 శాతానికి దిగింది. వాటిలో కలిపే చక్కెర దిగలేదు. చక్కెర లేని జీరో సోడా కూడా 40 శాతం తరగతిలోనే వున్నది. బ్రిటన్‌లో 2018 ఏప్రిల్‌లో విధించిన పన్ను పద్ధతి వేరు. అక్కడ 100 మి.లీ.కి 5 గ్రాముల చక్కెర దాటితే ఒక రేటు, 8 గ్రాములు దాటితే ఇంకో పెద్ద రేటు. దానితో తయారీదార్లు తామై చక్కెర తగ్గించారు. మెక్సికోలో 2014 నుంచి లీటరుకు ఒక పెసో చొప్పున పన్ను వేయగా, మొదటి ఏడాది కొనుగోళ్లు సగటున 6 శాతం తగ్గాయి.

మన దేశంలో సి.బి.ఎస్.ఇ. 2025 మే నెలలో బడులలో చక్కెర పట్టికలు పెట్టాలని ఆదేశించింది. రేపటి కొనుగోలుదారు సీసా వెనుక అక్షరాలు చదవడం బడిలోనే నేర్చుకుంటున్నాడన్నమాట. తీపి సరుకుపైనే పూర్తిగా ఆధారపడిన దుకాణదారు ఈ ధోరణిని గమనించాలి. సాదా సోడా, మజ్జిగ, కొబ్బరిబోండాం, చక్కెర తక్కువ నిమ్మసోడా పక్కన పెట్టుకోవడం వ్యాపారానికి నష్టం కాదు.

చేయదగినవి

మర్యాద మానవలసిన పని లేదు, సరుకు మార్చుకుంటే చాలు. దుకాణంలో సాదా సోడా, నిమ్మకాయ, ఉప్పు లేని జీలకర్ర పొడి వుంచుకుంటే బేరగాడికి అడిగి మరీ ఇవ్వవచ్చు. కుండనీరు, పల్చటి మజ్జిగ ఎండాకాలం ఎవరూ కాదనని మర్యాదలే. దళారీలు మొదటి దుకాణంలోనే "నాకు సాదా సోడా" అని చెప్పివేస్తే, నాలుగు రోజులలో ఆ మాట బజారంతా తెలిసి, నొచ్చుకోవడాలు వుండవు. తీపి సోడా తాగాలనిపిస్తే వారానికి ఒకటి రెండుసార్లు, చిన్న సీసా, భోజనంతోపాటు, చప్పరించకుండా ముగించడం మేలు.

ఉగాదికో దీపావళికో కొత్త చిట్టా తెరిచే ప్రతి వర్తకుడు అదే వారంలో రక్త పరీక్ష ఒకటి చేయించుకోవడం మంచిది. పరగడుపున చక్కెర 100 లోపు వుంటే నిలకడ. 100 నుంచి 125 వరకు హెచ్చరిక. 126, అంతకు మించి రెండుసార్లు వస్తే మధుమేహం. మూడు నెలల సగటు చూపే హెచ్.బి.ఏ.1.సి. 6.5 శాతం చేరినా అంతే. రక్తపోటు, ట్రైగ్లిసరైడ్లు, యూరిక్ యాసిడ్ కూడా అదే పరీక్షలో చూపించుకోవచ్చు. హెచ్చరిక దశలో వున్నవారు తీపి సోడా మాని, రోజుకు అరగంట నడిచి, బరువు కొంత తగ్గితే చాలామంది తిరిగి నిలకడకు వస్తారని వైద్యుల అనుభవం. బాకీ చిన్నదిగా వున్నప్పుడే తీర్చడం తేలిక అనే సంగతి వర్తకులకు ఒకరు చెప్పవలసినది కాదు.